దిగడానికింత జాగా

ఇల్లంటే బంధమట. గోడలంటే జైలట. రిటైరు కాగానే ఉన్న ఇల్లు కిరాయికిచ్చేసి, ఒక వ్యాను కొని, దాంట్లో మంచం, గ్యాసుపొయ్యి, బుల్లి ఫ్రిజ్జు, నెత్తిన సోలారు పలకలు పెట్టించుకుని, ఆలుమగలిద్దరూ దేశం మీద పడితే అదే ముక్తి అట. ఈ ఉపదేశం నాకీమధ్య వారానికొకసారైనా అందుతోంది. పెళ్ళి పందిట్లో అందింది, పొద్దుటి వాకింగులో అందింది, మొన్న క్షవరానికి కూర్చుంటే అక్కడా అందింది. అప్పుడు మెడ మీద కత్తి ఉంది గనక ఊరుకున్నాను. ఇప్పుడు లేదు గనక చెబుతున్నాను. అయ్యా, తిరగడం ఒక గొప్పా? గాలికి ఇస్తరాకు కూడా తిరుగుతుంది. చీకటి పడ్డాక నిన్ను ఎవరు ఆగనిస్తారు, ఎక్కడ ఆగనిస్తారు అన్నదీ అసలు సంగతి.

కడుపుమంటతో అంటున్నాననుకునేరు. అలాంటి దంపతులు మా ఇంట్లోనే ఉన్నారు. మా పెద్దనాన్న కూతురు, మా అక్క. ఆమె మొగుడు, మా బావ. ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాడు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడి చక్రాల ఇళ్ళు చూసి వచ్చాడు బావ. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి కరీంనగర్ ఇరుకైపోయింది. మూడేళ్ళయింది వ్యాను ఎక్కి. ఊళ్ళోకొచ్చినప్పుడు కూడా మా ఇంటి ముందు వ్యాను నిలుపుకుని అందులోనే పడుకుంటారు. ఇంట్లోకి రమ్మంటే బావకు చిన్నతనం.

అమెరికాలో జనమంతా స్వేచ్ఛ కోసమే బండ్లెక్కారని బావ వాదన. అందరూ కాదు బావా అంటాను నేను. 2008లో అక్కడ ఇళ్ళ ధరలు కుప్పకూలి, ఉన్న కొంప, దాచుకున్న సొమ్ము పోగొట్టుకున్న ముసలివాళ్ళు పాత వ్యాన్లలో కాపురం పెట్టి, కూలికి ఊరూరా తిరిగిన సంగతి జెస్సికా బ్రూడర్ అనే ఆవిడ 2017లో 'నోమాడ్‌ల్యాండ్' అని పుస్తకమే రాసింది. తర్వాత అది సినిమా అయింది, ఆస్కారూ వచ్చింది. వాళ్ళకీ రాత్రయితే ఇదే బాధ: బండి ఎక్కడ ఆపితే ఎవరొచ్చి అద్దం తట్టి లేపుతారో అని.

మా అక్కకు సిద్ధాంతాలు లేవు. ఆమె చెప్పేదంతా నీళ్ళ సంగతి. ట్యాంకులో ఎన్ని నీళ్ళున్నాయి, స్నానానికి చెంబులు ఎన్ని, అంట్ల నీళ్ళు ఎక్కడ పారబోయాలి, వాన పట్టినరోజు తడిచీర ఎక్కడ ఆరేయాలి. పాలు విరిగితే కొట్టెక్కడుందో వెతుక్కోవాలి. మబ్బు పట్టితే ఫ్రిజ్జు ఆపాలి. ఇంట్లో అయితే మొగుడి మీద అలిగి పక్కగదిలోకి పోవచ్చు. ఇక్కడ అలిగినా పక్కసీటే. అదీగాక, బావ స్వేచ్ఛగా తిరుగుతున్నాడు గానీ, చపాతీలు మాత్రం అక్కే చేస్తోంది. చక్రాలు వచ్చినంత మాత్రాన పొయ్యి చేతులు మారుతుందా ఏమన్నానా!

"తమ్మీ, పొద్దంత తోవ ముచ్చటే అనుకుంటరు గని, పగటీలి రెండు గొట్టంగనే మాకిద్దరికి ఒక్కటే రంది. రాత్రికి ఏడ ఆపాలె?" అంది అక్క ఒకరోజు. ఈ మార్గం మీద నేను విన్నవాటిల్లో నిజమైన వేదాంతవాక్యం అదొక్కటే.

మరి ఆపారా అంటే, రాజాల్లా ఆపారు. బాసరలో గుడికి దగ్గర్లో ఆపారు. ధర్మపురిలో గోదారి ఒడ్డున ఆపారు. నిర్మల్ దాటాక హైవే మీద పెట్రోలు బంకులో ఆపితే బంకు కుర్రాడు స్నానాలగది తాళంచెవి ఇచ్చాడు. కుంటాల జలపాతం చూసి వస్తూ ఒక ఊళ్ళో ఆపితే సర్పంచి గారింటి నుంచి మజ్జిగ వచ్చింది. ఒకచోట కానిస్టేబులు వచ్చి, "సార్, లారీల పక్కన ఎందుకు, స్టేషన్ ముందర పెట్టుకోండి, భద్రంగుంటది" అన్నాడట. మూడేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు, మీదే ఊరు, ఎందుకొచ్చారు, ఎప్పుడు పోతారు అని అడగలేదట. మన జనం ఎంత మంచివాళ్ళో చూశావా అంటాడు బావ. చూశాను. వాళ్ళ మంచితనం ఎక్కడిదాకా పోతుందో కూడా చూశాను.

పోయిన చలికాలం, బావ వ్యాను మా ఇంటి ముందు నిలిచి ఉన్న రోజుల్లోనే, వీధి చివర ఖాళీ ప్లాటులోకి ఇంకో జంట వచ్చింది. పూసలవాళ్ళు. వాళ్ళదీ చక్రాల సంసారమే, కాకపోతే చక్రాలు రెండు. పాత టీవీఎస్ మోపెడు, వెనక రేకుపెట్టె, పెట్టె మీద గిన్నెల మూట, మూట మీద తాటిపత్రి, సందులో చంటిపిల్ల. మా అక్క వ్యానులో ఉన్నవన్నీ అందులోనూ ఉన్నాయి, ఫ్రిజ్జు తప్ప. పడుకోడానికి బొంత, వండుకోడానికి మూడు రాళ్ళు, నీళ్ళకి ప్లాస్టిక్ క్యాను. తెల్లారి ఆమె పక్కపిన్నులు, సూదులు, ఈర్పెనలు, నల్లపూసలు పట్టుకుని వీధుల్లోకి వెళ్ళేది; ఆయన రాలిన వెంట్రుకలు తూచుకుని స్టీలు గిన్నెలిచ్చేవాడు. సందేళకి పొయ్యి వెలిగేది. ఇద్దరూ పొయ్యి దగ్గరే కూర్చునేవారు, ఆయన ఉల్లిగడ్డ కోస్తూ. బావకి చూపించాను. బావ ఫోను చూసుకున్నాడు.

మూడోనాడు కాలనీ మీటింగు. ఇలాంటి పనులకి మావాళ్ళు చప్పున పోగవుతారు. మోరీ నిండితే మటుకు నెల పడుతుంది.

చెత్త చేస్తారన్నారు. బావ వ్యాను నుంచి అంట్ల నీళ్ళు మా మోరీలోకే పోతున్నాయి, దాని సంగతేమిటంటే ఎవరూ మాట్లాడలేదు. దొంగతనాలు జరుగుతాయన్నారు. ఏం పోయిందయ్యా అంటే, ఏమీ పోలేదు, పోవచ్చు అన్నారు. చివరికొక పెద్దమనిషి గొంతు తగ్గించి, "పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్ళు గిట్లనే వస్తరట" అన్నాడు.

ఈ ఆఖరి మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2018 జులై 1న, మన పక్క మహారాష్ట్రలో, ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్ళో, బిచ్చం అడుక్కోడానికి వచ్చిన ఐదుగురు సంచారజాతి మనుషుల్ని సరిగ్గా ఈ మాట మీదే జనం కొట్టి చంపారు. నాథపంథీ గోసావులు వాళ్ళు. ఏ పిల్లనీ ఎత్తుకుపోలేదు. ఆ ఏడు మే నెలలో మన తెలంగాణలోనూ పార్ధీ ముఠాలొచ్చాయని ఫోన్లలో పుకార్లు పుట్టి, ఊరికి కొత్తగా కనబడ్డ బీదవాణ్ణల్లా పట్టుకుని కొట్టారు. వ్యానులో వచ్చినవాణ్ణి ఎవరైనా కొట్టారేమో నేను వినలేదు.

ఈ అనుమానం ఇప్పటిది కాదు. 1871లో తెల్లదొరలు ఒక చట్టం చేశారు. ఫలానా కులంలో పుట్టినవాడు పుట్టుకతోనే నేరస్థుడని రాసి, సంచారం చేసేవాళ్ళని పోలీసు రిజిస్టర్లకెక్కించారు. హాజరు చెప్పందే ఊరు దాటరాదు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళకి, 1952లో ఆ చట్టం రద్దయింది. కాగితం మీద రద్దయింది. మా కాలనీ మీటింగులో మినిట్సు పుస్తకంలో ఇంకా ఉంది.

"తిరగడమెందుకు, ఒకచోట స్థిరపడొచ్చు కదా, గవర్నమెంటు అన్నీ ఇస్తున్నది" అన్నాడు ఇంకొకాయన. ఆయన బావని చూసి ప్రతి ఏడూ అసూయపడే మనిషి! స్థిరపడ్డవాళ్ళ కథ కూడా మనకి తెలిసిందే. లంబాడీలు వేలకొద్దీ ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ మోసి దక్కనుకి తిండిపెట్టినవాళ్ళు. తండా అంటే అసలు ఊరు కాదు, నడిచే ఎడ్ల బిడారు. బిడారంటే మీ కారవానే. బళ్ళబాటలు, రైళ్ళు వచ్చి వాళ్ళ వర్తకం తినేశాయి. ఇటు కాజీపేట నుంచి మంచిర్యాల మీదుగా బల్హార్షాకి 1929లో లైను కలిసేనాటికే ఆ బిడార్లు చాలామటుకు నిలిచిపోయాయి. తండాలని పంచాయతీలుగా గుర్తించింది 2018లో. నడిచే వాడికి ఆగమని చెప్పడం తేలికే, ఆగిన చోట జాగా చూపించడానికి మాత్రం ఇంతకాలం పట్టింది.

అందరూ మావాళ్ళలాంటి వాళ్ళే అంటే అన్యాయం అవుతుంది. ఆదిలాబాదు వైపు చూడండి. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకి మెస్రం వంశంవారు పిల్లాజెల్లాతో ఎడ్లబండ్లు కట్టుకుని వస్తారు. మర్రిచెట్ల కింద బండ్లు విప్పి విడిదిచేస్తారు. మీరెందుకు దిగారని అడిగే కాలనీ అక్కడ లేదు. ఇంకా పాతమాట ఒకటుంది. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు నిజాం రాజ్యంలో చిక్కుబడ్డాడు. చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు, అంటే ఇంగ్లీషువారికి శత్రువు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల బాధలేమిటో చూసి రమ్మని సర్కారు ఆయన్ని పంపింది. ఆయనా, ఆయన భార్య బెట్టీ ఊరూరా తిరిగి మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. అప్పుడే దొరల చేతిలో దెబ్బతిన్న గోండులకి తెల్లతోలు చూస్తే అనుమానం రావడానికి కావలసినంత కారణం ఉంది. అయినా జాగా ఇచ్చారు. ఎంతగా ఇచ్చారంటే, 1987లో బెట్టీ పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో పోయిన హైమెన్‌డార్ఫ్ అస్థికల్ని కొడుకు 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచాడు. ఆ గూడెంలో కాలనీ అసోసియేషన్ లేకపోబట్టి సరిపోయింది.

సరే, మా పూసల జంట సంగతి. మీటింగు తీర్మానం తీసుకుని నలుగురు వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను, అడ్డం చెప్పాను, నా మాట చెల్లలేదు. ఆమె గొడవ పెట్టుకోలేదు. "ఇగ పోతం సారు. పొల్లకు జరమొచ్చింది, పొద్దుగాల పోతం" అంది. పొద్దుగాల కాదు, ఇప్పుడే అన్నారు. రాత్రి ఎనిమిదింటికి మూడు రాళ్ళ మీద ఉడుకుతున్న అన్నం వంపి, గిన్నె గుడ్డలో కట్టుకుని, మోపెడెక్కారు. జగిత్యాల రోడ్డు మీదికి పోయారు. వీధిలో ఇటుచివర బావ వ్యానులో లైటు వెలుగుతూనే ఉంది.

కారవాన్ టూరిజానికని 2021లో కేరళ ప్రభుత్వం ఒక విధానమే ప్రకటించింది. బండి ఆపుకునే పార్కులు, అక్కడ నీళ్ళు, కరెంటు, మురుగు పోయే దారి. బాగుంది. మనకీ రావాలనే బావ అర్జీలు రాస్తున్నాడు. నేనూ సంతకం పెట్టాను, కింద ఇంకో వాక్యం రాసి: మోపెడ్లకీ, ఎడ్లబండ్లకీ, గంగిరెద్దులకీ ప్రవేశం ఉండాలని. బావ ఆ కాగితం చింపి ఇంకోటి రాసుకున్నాడు. బియ్యం సంగతిలో సర్కారుకి ఈ తెలివి వచ్చింది కదా! 2019 ఆగస్టు నుంచి మన రేషన్ కార్డుకి ఆంధ్రలోనూ, అక్కడి కార్డుకి ఇక్కడా బియ్యమిచ్చే ఏర్పాటు మొదలుపెట్టారు. బియ్యం మనిషి వెంట నడవొచ్చు గానీ, ఆ బియ్యం వండుకోడానికి మూడు రాళ్ళు పెట్టుకునే జాగా మాత్రం నడవదా?

చేతగాక కాదు. 2015 గోదావరి పుష్కరాలకి ధర్మపురిలో, కాళేశ్వరంలో పన్నెండు రోజుల కోసం నల్లాలు వేశారు, మరుగుదొడ్లు కట్టారు, దీపాలు పెట్టారు. లక్షల మంది వచ్చి దిగి, స్నానంచేసి, వండుకుతిని పోయారు. మీదే ఊరని ఎవరూ అడగలేదు. లెక్క ప్రకారం 2027లో మళ్ళీ పుష్కరాలు. ఈసారి వేసే నల్లాల్లో ఊరికొక్కటి, పదమూడోనాడు పీకెయ్యకుండా వదిలెయ్యండి. దాని పక్కన రెండు గుంటల జాగా కూడా.