గుమాస్తా మాట: రాత్రిబడిలో హాజరు

“మావాడు రాత్రిబడికి సరిగా పోవడం లేదట. ఇట్లాగే వుంటే పేరు కొట్టివేస్తామంటున్నారు. కాస్త బుద్ధి చెప్పండి అన్నయ్యగారూ” అని మన సంఘపు సోదరి ఒకరు కబురు పంపారు. బుద్ధి చెప్పేముందు లెక్క చూడడం గుమాస్తాలకు అలవాటు గదా. చూశాను.

కుర్రవాడికి 19 ఏళ్లు. ఒక కర్మాగారంలో పని. అక్కడ మూడు షిఫ్టులు, వారానికొకటి చొప్పున మారుతూ వుంటాయి. ముంబాయిలో రాత్రిబళ్లు సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మొదలై తొమ్మిదిన్నరకు ముగుస్తాయి. మొదటి షిఫ్టు వారమైతే ఇంటికి వచ్చి బడికి పోగలడు. మూడవదైతే బడినుంచే పనికి పోగలడు. మధ్యాహ్నం మూడునుంచి రాత్రి పదకొండుదాకా వుండే రెండవ షిఫ్టు వారంలో మాత్రం ఒక్క రాత్రయినా పోలేడు. అంటే మూడు వారాల్లో ఒక వారం పోయినట్లే. జ్వరం రాకపోయినా, వూళ్లో పెండ్లి లేకపోయినా, హాజరు నూటికి 67 దాటదు. మహారాష్ట్రలో పదవ తరగతి పరీక్షకు బోర్డువారు అడిగేది 75. ఇక వాడికి ఏమని బుద్ధి చెప్పను?

మా ఆఫీసు మస్టరులో ఆకస్మిక సెలవుకు, జబ్బు సెలవుకు, అరపూటకు, ఆలస్యానికి వేరువేరు గుర్తులున్నవి. బడి పట్టీలో వచ్చాడు, రాలేదు అని రెండే. సెలవు పెట్టి సినిమాకు పోయిన గుమాస్తాకున్న మర్యాద షిఫ్టు చేస్తూ బడి మానినవాడికి లేదు!

పూనాలో ఫూలే దంపతులు 1855లో రాత్రిబడి పెట్టినది పగలు కష్టం చేసుకునేవారి కోసమే. ముంబాయిలో 1982 సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డవి. దుకాణాల్లో, హోటళ్లలో, ఇంటింటికి సామాను చేర్చే పనుల్లో కుదిరిన పిల్లలకు మరీ చిక్కు. అక్కడ బేరం ముమ్మరమయ్యేది సరిగ్గా బడి గంట కొట్టే వేళకే.

మన పిల్లలకు మరొక కష్టం కూడా వున్నది. కార్పొరేషనువారి తెలుగు బడిలో చదివినవాడు రాత్రిబడిలో మరాఠీలో సైన్సు వినాలి. వారం మాని తిరిగిపోతే పాఠం ఎక్కడికో పోయి వుంటుంది. అడగడానికి మొగమాటం. మరునాడు కాళ్లు బడివైపు సాగవు. తల్లిదండ్రులు దాన్ని ఎగగొట్టడమంటారు. నేననను.

చేరేటప్పుడే షిఫ్టుల వివరం పనిచోటునుంచి వ్రాయించి ప్రధానోపాధ్యాయులకు ఇవ్వడం మంచిది. నోట్సు ఇచ్చే స్నేహితుణ్ణి ఒకణ్ణి ముందే చూసుకోవాలి. అప్పటికీ కుదరకపోతే 1989లో స్థాపించిన జాతీయ ఓపెన్ స్కూలు వున్నది. పదవ తరగతి తెలుగులోనే వ్రాయవచ్చు. అయిదేళ్లలో తొమ్మిదిమార్లు అవకాశం. కొన్ని సబ్జెక్టులు ఇప్పుడు, కొన్ని తరువాత వ్రాసుకోవచ్చు. అయితే రోజూ పేరు పిలిచేవారుండరు. ఫీజు కట్టి పుస్తకాలు అటకెక్కించినవారిని ఇద్దరిని ఎరుగుదును. ఇంట్లో వారానికి రెండు రాత్రులైనా పక్కన కూర్చునేవారుంటేనే ఆ దారి పట్టండి.

మన సంఘం హాలు ఆదివారం ఉదయం ఖాళీగానే వుంటుంది. లెక్కలు, సైన్సు చెప్పడానికి పెద్దలిద్దరు ఒప్పుకున్నారు. మరాఠీ పాఠాన్ని తెలుగులో విప్పి చెబుతారు. రాదలచినవారు కార్యదర్శిగారి వద్ద పేరు వ్రాయించండి. షిఫ్టు కూడా వ్రాయించండి.