యుగాలు దాటిన ముష్టియుద్ధం

మహాభారతంలోని అరణ్యపర్వంలో ఒక రమణీయమైన సన్నివేశం ఉంది. ద్రౌపది కోరిన సౌగంధిక పుష్పాల కోసం బయలుదేరిన భీమసేనునికి దారిలో ఒక ముసలి వానరం అడ్డుగా పడుకొని కనిపిస్తుంది. తోకను పక్కకు జరిపి వెళ్లమంటుంది. బలగర్వితుడైన భీముడు రెండు చేతులతో ప్రయత్నించినా ఆ తోక కదలదు. ఆ వానరం హనుమంతుడని తెలిసిన పిమ్మట, సముద్రాన్ని లంఘించిన నాటి రూపాన్ని చూపమని భీముడు వేడుకొంటాడు. హనుమంతుడు వెంటనే అంగీకరించడు. ఆ కాలం వేరు, ఈ కాలం వేరు, యుగాన్ని బట్టి దేహబలాలు మారిపోతాయని నచ్చజెప్పబోతాడు. త్రేతాయుగపు బలాన్ని ద్వాపరయుగపు కంటికి చూపడానికి హనుమంతుడంతటివాడు సంకోచించాడు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో ముష్టియుద్ధ ప్రియులకు మాత్రం అటువంటి సంకోచం లేకపోయింది.

హెవీవెయిట్ ఛాంపియన్ అంటే భూమండలంలోకెల్లా బలశాలి అనే భావన ఆ దేశంలో చిరకాలం నిలిచింది. తండ్రి తన యౌవనంలో చూసిన జాక్ డెంప్సీని మించినవాడు లేడంటే, కొడుకు మహమ్మద్ అలీని మించినవాడు పుట్టలేదనేవాడు. ఈ తెగని వాదానికి కంప్యూటరు చేత తీర్పు చెప్పించాలని 1967లో మయామీకి చెందిన మరీ వొరోనర్ అనే రేడియో నిర్మాత సంకల్పించాడు. వివిధ కాలాలకు చెందిన పదహారుమంది యోధుల బలాబలాలను అంకెలుగా మార్చి యంత్రానికి అందించారు. అది వెలువరించిన ఫలితాలను నిజంగా జరుగుతున్న పోటీల వలె వ్యాఖ్యానంతో రేడియోలో వినిపించారు. తుదిపోరులో డెంప్సీని ఓడించి రాకీ మార్సియానో సర్వకాల విజేత అయ్యాడు. అలీ మాత్రం, 1905లోనే బరి నుండి తప్పుకొన్న జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయినట్లు యంత్రం తేల్చింది.

అలీకి ఆగ్రహం కలిగింది. తన కీర్తికి భంగం కలిగించారని 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు ఆ 1967లోనే అతని బిరుదును తొలగించారు. బరిలోకి దిగే అనుమతి కూడా లేకుండా చేశారు. నిజమైన పోటీలో పాల్గొనే హక్కు కోల్పోయినవాడు ఊహాజనితమైన పోటీలో కూడా ఓటమి పాలయ్యాడన్నమాట. దావా రాజీతో ముగిసింది. ఆ రాజీలో నుండే మరొక వింత పుట్టింది. 1969లో అలీనీ మార్సియానోనూ మయామీలో ఒక స్టూడియోలో ఎదురెదురుగా నిలిపి చలనచిత్రం తీశారు. 49 పోటీలలో ఒక్క ఓటమి కూడా లేకుండా 1956లో విశ్రమించిన మార్సియానోకు అప్పటికి నలభై అయిదేళ్లు. ఒళ్లు తగ్గించుకొని, బట్టతల కనబడకుండా విగ్గు పెట్టుకొని అతడు నటించాడు. వేర్వేరు ముగింపులు చిత్రీకరించి, అసలు ఫలితాన్ని రహస్యంగా ఉంచారు. అది తెరమీదికి రాకముందే, 1969 ఆగస్టు 31న మార్సియానో విమాన ప్రమాదంలో మరణించాడు. మరునాడే అతని నలభై ఆరవ పుట్టినరోజు.

1970 జనవరిలో సినిమా థియేటర్లలో ప్రదర్శించినప్పుడు, అమెరికా ప్రేక్షకులు చూసిన ముగింపులో మార్సియానో పదమూడవ రౌండులో అలీని పడగొట్టాడు. ఐరోపాలో చూపిన ప్రతిలో అలీ గెలిచాడు. యంత్రానికి రాగద్వేషాలు ఉండవనే నమ్మకమే ఆ ప్రదర్శనకు పెట్టుబడి. రాగద్వేషాలు లేని యంత్రం సముద్రానికి ఈవలి ఒడ్డున ఒక తీర్పు, ఆవలి ఒడ్డున మరొక తీర్పు ఎట్లా చెప్పగలదు? నల్లజాతివాడు, యుద్ధాన్ని ధిక్కరించినవాడు అయిన అలీ నేలకూలడం చూడాలని కోరుకొన్నవారు ఆనాటి అమెరికాలో కొద్దిమంది కారు. వారు కోరుకొన్నది వారికి దొరికింది.

పోనీ, తీర్పు నిజాయితీగానే చెప్పదలచినా, ఏ నియమాల ప్రకారం చెప్పాలి? 1889లో జాన్ ఎల్. సల్లివన్ చేతితొడుగులు లేకుండా, ఒకడు నేలకొరిగినప్పుడే రౌండు ముగిసే పద్ధతిలో 75 రౌండ్లు పోరాడి గెలిచాడు. తరువాతి కాలంలో ఛాంపియన్ పోటీలు 15 రౌండ్లకు కుదురుకొన్నాయి. 1982లో దక్షిణ కొరియాకు చెందిన తేలికబరువు యోధుడు కిమ్ డుక్ కూ పద్నాలుగవ రౌండులో తగిలిన దెబ్బలకు మరణించిన తరువాత, క్రమంగా అవి 12కు తగ్గాయి. ఈ తేడా చిన్నదిగా తోచవచ్చు. కాని, 1952లో జెర్సీ జో వాల్‌కాట్‌తో తలపడినప్పుడు న్యాయనిర్ణేతలందరి లెక్కలోనూ మార్సియానో వెనుకబడే ఉన్నాడు. పదమూడవ రౌండులో కొట్టిన ఒక్క కుడిచేతి దెబ్బతో ఛాంపియన్ అయ్యాడు. నేటి నియమాల ప్రకారం ఆ రౌండే ఉండదు. ఆ రాత్రి బిరుదు వాల్‌కాట్‌కే దక్కేది.

బరువు సంగతి కూడా ఇట్లాంటిదే. మార్సియానో సుమారు 84 కిలోల మనిషి. నేడు హెవీవెయిట్ తరగతి 90 కిలోలు దాటిన తరువాతనే మొదలవుతుంది. కనుక అతడు కింది తరగతిలోనే పోరాడవలసి వచ్చేది. ఆరడుగుల తొమ్మిదంగుళాల టైసన్ ఫ్యూరీ ముందు పాతకాలపు యోధులు నిలువలేరనే వాదానికి ఇదే ఆధారం. అయితే ఆ కింది తరగతి నుండే పైకి వచ్చిన ఒలెక్సాందర్ ఉసిక్, తనకంటె ఎంతో పొడగరి అయిన ఫ్యూరీని 2024లో రియాద్‌లో రెండుసార్లు ఓడించాడు. కొలబద్దలూ తూనికరాళ్లూ కొంతదూరమే తోడు వస్తాయి.

అసలు ఒకే కాలంలో జీవించినవారిని కూడా లెక్కలతో పోల్చడం సాధ్యం కాదు. 1971లో జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో జార్జ్ ఫోర్మన్ ఆ ఫ్రేజియర్‌నే రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. మరుసటి ఏడు అలీని ఓడించిన కెన్ నార్టన్‌ను సైతం ఫోర్మన్ రెండు రౌండ్లలోనే ముగించాడు. ఈ మూడు ఫలితాలను ఏ యంత్రానికి అందించినా, 1974లో కిన్షాసాలో అలీ పరాజయం తప్పదనే చెప్పి ఉండేది. జరిగింది మరొకటి. అలీ తాళ్లకు ఆనుకొని, ఫోర్మన్ అలసిపోయేదాకా అతని దెబ్బలను కాచుకొని, ఎనిమిదవ రౌండులో అతణ్ణి నేలకూల్చాడు. ఒక మనిషి ఒక రాత్రి చేసుకొన్న నిర్ణయాన్ని అంకెగా మార్చేదెవరు?

కాలాలు నిజంగా తారసపడిన సందర్భాలూ లేకపోలేదు. వాటిని తలచుకొంటే ఊహాసమరాల మీద మోజు కొంత తగ్గుతుంది. పన్నుల బాకీ తీర్చలేక తిరిగి బరిలోకి దిగిన జో లూయిస్‌ను 1951లో మార్సియానో ఎనిమిదవ రౌండులో ఓడించాడు. లూయిస్‌కు అప్పుడు ముప్పై ఏడేళ్లు. తాను ఆరాధించిన యోధుని స్థితి చూసి మార్సియానో కన్నీరు పెట్టుకొన్నాడని చెబుతారు. 1980లో ముప్పై ఎనిమిదేళ్ల అలీని, ఒకప్పుడు అతనికి సాధన భాగస్వామి అయిన లారీ హోమ్స్ ఓడించాడు. పది రౌండ్లు దెబ్బలు తిన్న పిమ్మట అలీ పక్షంవారే పోటీని ఆపించారు. హోమ్స్‌కు కూడా ఆ గెలుపు సంతోషాన్ని ఇవ్వలేదు.

వీటన్నిటికంటె 1910 నాటి పోటీ కఠోరమైనది. ఛాంపియన్ అయిన తొలి నల్లజాతి యోధుడు జాక్ జాన్సన్‌ను ఓడించి తమ జాతి గౌరవం నిలబెట్టమని తెల్లవారు జెఫ్రీస్‌ను విశ్రాంతి నుండి రప్పించారు. రీనో నగరంలో జాన్సన్ పదిహేనవ రౌండులో అతణ్ణి మట్టికరిపించాడు. ఆ వార్త విని అనేక నగరాలలో తెల్లజాతి మూకలు నల్లవారిపై దాడులకు తెగబడగా ప్రాణాలు పోయాయి. 1967లో యంత్రం అలీపై గెలిపించింది ఆ జెఫ్రీస్‌నే.

ఊహాసమరాలలో వినోదం లేదనడం సబబు కాదు. మరచిపోయిన యోధుల పేర్లు కొత్తతరం నోట పలకడం వల్ల కొంత మేలు కూడా కలుగుతుంది. కాని ఛాంపియన్లను ఛాంపియన్లతో పోల్చే ఈ క్రీడలో, ఛాంపియన్ కానివ్వని వారికి చోటు దొరకదు. సామ్ లాంగ్‌ఫర్డ్‌కు బిరుదు కోసం పోరాడే అవకాశమే రాలేదు; తానే నల్లజాతివాడైన జాన్సన్ కూడా ఛాంపియన్ అయిన తరువాత అతనికి ఆ అవకాశం ఇవ్వలేదు. 1919 నుండి 1926 దాకా ఛాంపియన్‌గా ఉన్న డెంప్సీ, తనకు గట్టి పోటీదారు అయిన హ్యారీ విల్స్‌తో ఒక్కసారి కూడా తలపడలేదు. డెంప్సీ అలీని గెలుస్తాడా అని అడిగే ముందు, విల్స్‌ను గెలిచేవాడా అని అడగడం ధర్మం. వారిద్దరూ ఒకే కాలంలో, ఒకే దేశంలో ఉన్నారు. ఏ యంత్రమూ అవసరం లేకపోయింది.

పీటర్ జాక్సన్ కథ ఇంకా పాతది. ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఈ నల్లజాతి యోధునితో పోరాడడానికి సల్లివన్ నిరాకరించాడు. 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జిమ్ కార్బెట్ అతనితో 61 రౌండ్లు పోరాడాడు. ఇద్దరూ నిలబడలేని స్థితికి వచ్చినా ఫలితం తేలలేదు. మరుసటి సంవత్సరం సల్లివన్‌ను ఓడించి కార్బెట్ ఛాంపియన్ అయ్యాడు. జాక్సన్‌తో మాత్రం అతడు మళ్లీ తలపడలేదు.