వంటింటి అరలకు 118 బస్తాలు

ఈసారి వడ్ల గురించి కాదు, వంటింటి గురించి రాస్తున్నా. నవ్వేవాళ్లు చివరిదాకా చదివి నవ్వండి.

పోయిన వారం మా తమ్ముడు ఒక కాగితం పట్టుకొచ్చాడు. కొత్త కోడలు కాపురానికి వస్తోంది, పాత వంటిల్లు మార్చి మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తా అన్నాడు. మరదలి మెడలో నానుతాడు తాకట్టు పెట్టి కడతాడట. కాగితం అడుగున అంకె 2,09,804. చివర నాలుగు రూపాయలు కూడా వదల్లేదు. అంత కచ్చితంగా రాస్తే మనం నిజమనే అనుకుంటాం.

సాధారణ రకం వడ్లకి 2025-26 మద్దతు ధర క్వింటాకి 2,369. ఆ లెక్కన ఇది ఎనభై ఎనిమిదిన్నర క్వింటాళ్లు. మన 75 కిలోల బస్తాల్లో 118. ఎకరానికి 35 బస్తాలు పండినా మూడెకరాల పైచిలుకు పంట, అదీ పెట్టుబడి తియ్యకుండా. మావాడికి ఉన్నది రెండున్నర ఎకరాలు.

266 రూపాయల యాభై పైసల యూరియా బస్తాకి మూడొందలు అడిగితే కొట్టు ముందు రభస చేసేవాళ్లం మనం. కాటా దగ్గర కిలో తరుగు తీస్తే ఊరుకోం. అలాంటిది ఏసీ గదిలో కూర్చోబెట్టి, కూల్‌డ్రింకు ఇచ్చి, టీవీలో రంగుల బొమ్మ చూపిస్తే రెండు లక్షలకి తల ఊపి వస్తున్నాం. చెక్క ఏంటని కూడా అడగం.

ఆ కాగితంలో ఏముందో చెప్తా. అడుగు 1,600 అని రాశారు. ఏ అడుగు? ముందు నుంచి కనపడే పొడవు, ఎత్తు మాత్రమే. గట్టు కింద 14 అడుగుల పొడవు, రెండున్నర ఎత్తు: 35 చదరపు అడుగులు. గోడకి పైన 20. అటక ముందు 28. మొత్తం 83 అడుగులు, 1,32,800. బుట్టలు, పళ్లాల స్టాండు, ఛానళ్లు 45,000 విడిగా. ఆ పైన జీఎస్టీ 18 శాతం, 32,004. షాపులో మావాడికి నోటితో చెప్పింది 'లక్షా ముప్పై వేలల్లో అయిపోద్ది బాబాయ్' అని.

అటక సంగతి చూడండి. అటక సిమెంటు బిళ్లతో ఎప్పుడో కట్టేసి ఉంది. దాని ముందు తలుపులే పెట్టాలి. తలుపులకీ అడుగు 1,600, డబ్బా మొత్తం చేసినదానికీ అడుగు 1,600! తలుపులకే 44,800. గట్టు కిందా అంతే. మన ఇళ్లలో గట్టు కింద నాపరాళ్లు నిలబెట్టి, అడ్డం వేసి అరలు మన నాన్నల కాలంలోనే కట్టించాం. నాపరాయికి చెద పట్టదు, తడికి ఉబ్బదు. ఆ రాయి పగలగొట్టి, బయటపడేసి, అక్కడ చెక్క డబ్బా దూర్చి దానికి మన దగ్గరే డబ్బు తీసుకుంటారట. పగలగొట్టే కూలీ కూడా మనదే, అది కాగితంలో లేదు.

నేను తెలివైనవాణ్ణని రాయడం లేదు. 2022లో నేనూ మోసపోయినవాణ్ణే. టౌనులో ఒక షాపులో లక్షా పదివేలు పెట్టా. తలుపులు ప్లైవుడ్డే, నిగనిగలాడాయి. లోపలి డబ్బాలు పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టు జిగురుతో నొక్కిన అట్ట. రెండో వర్షాకాలానికి సింకు కింద బూరెలా పొంగింది. తలుపు మర స్క్రూలతో సహా ఊడి మా ఇంటావిడ కాలి మీద పడింది. మళ్లీ బిగిద్దామంటే ఆ పొట్టు స్క్రూని పట్టుకోదు. ఫోన్ చేస్తే 'నీళ్లు తగిలితే వారంటీ రాదండీ' అన్నారు. వంటింట్లో, అదీ సింకు కింద, నీళ్లు తగలకుండా ఎలా ఉంటాయయ్యా?

ఈసారి మా ఊరి వడ్రంగిని పిలిచి లెక్క రాయించాం. గట్టు కింద రాతి అరలు అలాగే ఉంచి తలుపులు పెట్టడానికి 18 ఎంఎం ప్లైవుడ్డు రెండు షీట్లు. షీటు 8 బై 4, అంటే 32 అడుగులు, అడుగు 120 చొప్పున 7,680. బయటి లామినేట్ 3,000, లోపలిది 1,600. మరలు 2,000, పిడులు 1,500. ఫ్రేము, జిగురు, అంచు పట్టీ 2,500. ఇద్దరికి అయిదు రోజుల కూలీ 12,000. మొత్తం 30,280. షాపు కాగితంలో అదే గట్టు కింద భాగం 56,000, పన్ను కలిపితే 66,080. ఇవి మా టౌను ధరలు, మీ దగ్గర కాస్త అటూఇటూ ఉంటాయి.

ప్లైవుడ్డు కొనేటప్పుడు షీటు మీద అచ్చు చూడండి. ఐఎస్ఐ ముద్ర పైన 710 ఉంటే మెరైన్, నీళ్లకి తట్టుకునేది. 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్ష చేసే రకం. 303 అని ఉంటే పక్కన అక్షరాలు చదవండి, బీడబ్ల్యూఆర్ అయితే పర్లేదు, ఎంఆర్ అయితే పడగ్గది బీరువాకి సరిపోద్ది గానీ సింకు దగ్గరకి వద్దు. నోటిమాటగా 'వాటర్‌ప్రూఫ్ సార్' అంటే అర్థం ఏమీ లేదు. చిన్న ముక్క అడిగి ఇంటికి తెచ్చి బకెట్లో రాత్రంతా నానేయండి. ముక్క ఇవ్వనంటే లేచి వచ్చేయండి.

'అన్నా, నువ్వు పాతకాలం మనిషివి, పిల్లకి సుఖం వద్దా' అని తమ్ముడు అలిగాడు. వద్దని ఎవరన్నారు? రోజూ వంగి గిన్నెలు తీసే నడుము బాధ మగాళ్లకి తెలియదు, నాకూ మా ఇంటావిడ చెప్తేనే తెలిసింది. పళ్లాలకి లాగే సొరుగు ఒకటి మంచిదే, పెట్టించుకోండి. పైన అరలు మాత్రం ఆవిడకి అందవు, స్టూలు ఎక్కాలి. మూడేళ్లలో అందులో పెట్టింది పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు గిన్నెలే. ఆవకాయ జాడీ అరల్లో పట్టలేదు, బియ్యం డ్రమ్ము పట్టలేదు, రెండూ నడవలోనే ఉన్నాయి. బొమ్మ గీసినవాడు మన ఇంట్లో ఏడాదికి సరిపడా పచ్చడి పెడతారని ఎక్కడ అడిగాడు?

రెండు రోజులు వాదన అయ్యాక మరదలే తేల్చింది, నానుతాడు ఇవ్వనని. గట్టు కింద తలుపులు, సొరుగులు రెండు, గోడకి ఒక్క అర. అటకకి పరదా. వడ్రంగి గురువారం వస్తున్నాడు.

మీలో ఎవరి దగ్గరైనా ఇలాంటి కాగితం ఉంటే షాపు పేరు కొట్టేసి, కొలతలు కనపడేలా ఫోటో పెట్టండి. అడ్వాన్సు కట్టకముందే పెట్టండి, లెక్క వేద్దాం.