పచ్చబొట్టు గాయాన్ని కప్పి ఉంచాలి

కొత్తగా పొడిపించుకున్న పచ్చబొట్టు మానేదాకా గాయమే. సూది చర్మం పై పొరను దాటి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున రంగు వదులుతుంది. అరచేయంత బొమ్మ వేయించుకుంటే అరచేయంత మేర చర్మం తూట్లు పడినట్టే. మొదటి రోజంతా అందులోంచి రసి, కాస్త నెత్తురు, మిగులు రంగు ఊరుతూనే ఉంటాయి. మోకాలు అంత మేర గీరుకుపోతే కట్టు కట్టకుండా ఎవరినీ పొలానికి పంపం. టాటూ వేయించుకున్న కుర్రవాడు మాత్రం ఆ సాయంత్రమే బండెక్కి దుమ్ములోకి వెళ్లిపోతాడు. అనంతపురం జిల్లాలోని కణేకల్ లాంటి చోట ఇది మరీ ప్రమాదం. ఎండిన హగరి ఏటి ఇసుకను పడమటి గాలి ఎత్తుకొచ్చి కణేకల్, బొమ్మనహాళ్ మండలాల పొలాల మీద దిబ్బలు పోస్తున్న సంగతి జిల్లా అంతటికీ తెలుసు. ఆషాఢంలో కంట్లో, కంచంలో పడే ఇసుక పచ్చి గాయంలో పడదా? ఇంకోపక్క తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి మడులున్నాయి. మట్టిలో, పేడలో ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి దాగి ఉంటుంది. అందుకే టాటూ వేసిన చోటే, వేసిన వెంటనే సరైన పట్టీ వేయాలని, మొదటి మూడు నాలుగు రోజులు గాయాన్ని కప్పి ఉంచాలని గట్టిగా చెబుతున్నాను.

గాయానికి గాలి తగలాలి, ఎండి పక్కు కడితేనే మానుతుంది అని చాలామంది నమ్ముతారు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద లోతు తక్కువ గాయాలు చేసి, కొన్నిటిని పాలిథీన్ పొరతో కప్పి, కొన్నిటిని గాలికి వదిలి చూశాడు. కప్పిన వాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. మరుసటి ఏడాది మనుషుల మీద చేసిన పరిశీలనలోనూ ఫలితం అటే మొగ్గింది. తడి ఉన్నచోట చర్మకణాలు సులువుగా పాకుతాయి. పక్కు కడితే దాని అడుగునుంచి దారి చేసుకుంటూ పోవాలి. వింటర్ చూసినవి టాటూలు కావన్నది నిజమే కానీ, సూది గాయం కూడా లోతు తక్కువదే. పైగా టాటూకు పక్కుతో ఇంకో నష్టం ఉంది. మందంగా కట్టిన పక్కును గోకినా, చొక్కాకు అంటుకుని ఊడినా రంగు లేచిపోతుంది, మచ్చ మిగులుతుంది.

మన అవ్వలకు ఏ పట్టీలూ లేవు కదా అని అడిగేవాళ్లుంటారు. ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచిన ఎరుకల స్త్రీల పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. పొడిచాక వాపు రాకుండా పసుపు రాయడం ఆనాటి ఆచారం. అంటే ఆ గాయానికి ఏదో ఒక రక్షణ కావాలని వాళ్లకూ తెలుసు. అయితే అప్పటివి చాలావరకు గడ్డం మీద చుక్కలు, ముంజేతి మీద చిన్న ముగ్గులు. ఇప్పుడు భుజం నుంచి మణికట్టు దాకా వేయించుకుంటున్నారు. ఆ రోజుల్లో చీము పట్టినవాటి లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. మానినవే మన కళ్లకు కనిపించాయి. ఇక వంటింటి డబ్బాలోని పసుపు సూక్ష్మజీవులు లేని మందు కాదు, పచ్చి గాయం మీద చల్లకూడదు.

నాకు బరువైనదిగా తోచే అభ్యంతరం ఎండ గురించి. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఈ నేల మీద పట్టీ కింద చెమట పట్టదా, ఉడికిపోదా అంటారు. ఉడుకుతుంది, పట్టీ సరైనది కాకపోతే. చాలా చోట్ల టాటూ మీద చుట్టి పంపేది వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్. అది ఆవిరిని బయటికి పోనివ్వదు. చెమట, రసి కలిసి లోపలే నానితే చర్మం పాడవుతుంది. మందుల షాపుల్లో దొరికే పాలియురెథేన్ పొర వేరు. బయటి నీటిని, దుమ్మును, సూక్ష్మజీవులను ఆపుతూనే లోపలి ఆవిరిని వదులుతుంది. మొదటి పట్టీ కింద రసి బాగా నిండుతుంది కాబట్టి ఒక రోజుకే తీసి, గోరువెచ్చని శుభ్రమైన నీటితో, సబ్బుతో మెల్లగా కడిగి, తడి అద్ది, కొత్తది వేయాలి. రెండోది కొన్నాళ్లు ఉండొచ్చు. అంచు లేచి లోపలికి నీరు పోతే మాత్రం అప్పుడే మార్చాలి. జిగురు పడక చుట్టూ దద్దురు లేచినవాళ్లు అంటుకోని మెత్త, గాజు గుడ్డ వాడి రోజూ మార్చుకోవాలి. ఎరుపు పాకుతున్నా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా పట్టీ తీసేసి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. లోపల చెడిన గాయాన్ని కప్పి ఉంచితే ఇంకా చెడుతుంది.

పట్టీ ఉంది కదా అని సూదిని పట్టించుకోకపోవడం కూడా తప్పే. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి సోకవచ్చు, దాన్ని ఏ పట్టీ ఆపలేదు. కొత్త సూది ఇవ్వడం టాటూ వేసేవాడి బాధ్యత అయినట్టే పట్టీ కూడా అతని బాధ్యతే కావాలి. కొనుక్కునేవాడికే వదిలేస్తే, జాతరలో ఉన్న డబ్బంతా బొమ్మకే పెట్టిన కుర్రవాడు మందుల షాపు దాకా వెళ్లడు. రెండు పట్టీల ఖర్చు బొమ్మ ధరలోనే కలపాలి. మొదటిది తానే వేసి, రెండోది చేతికిచ్చి, ఎప్పుడు తీయాలో, ఎప్పుడు ఆసుపత్రికి పోవాలో తెలుగులో రాసిన చీటీ ఒకటి ఇవ్వాలి.