నవ్వుతూ నేర్చిన తెలుగు

కళాశాల వార్షిక సంచికలో ఒక టెలివిజన్ హాస్య ధారావాహికను గూర్చి వ్యాసమా అని కొందరు పెద్దలు సందేహింపవచ్చును. ఉర్దూ పుటలలో గాలిబ్‌ను గూర్చి, తెలుగు పుటలలో గురజాడను గూర్చి వ్రాయడం ఇటువంటి సంచికల సంప్రదాయం. అది నిలువవలసినదే. అయితే ఒక భాష మనిషికి ఏ విధంగా సొంతమవుతుంది అన్న ప్రశ్న వేసుకొన్నప్పుడు, పాఠ్యగ్రంథాలతోపాటు, వారానికొకసారి ఇంటిల్లిపాదీ కూర్చుండి నవ్వుకొన్న అరగంటను కూడా లెక్కలోనికి తీసుకొనక తప్పదు. ఉర్దూ మాతృభాషగా గల మన విద్యార్థులలో చాలమంది తెలుగు మాట్లాడవలసి వచ్చినప్పుడు వెనుకకు తగ్గుతున్న ఈ రోజులలో, ఆ అరగంటను గూర్చి ఆలోచించడం వృథా కాదని మా అభిప్రాయం.

మేము చెప్పబోయేది జెమిని టీవీలో వచ్చిన 'అమృతం' ధారావాహికను గూర్చి. 2001 నవంబరు 18న మొదలై, 2007 నవంబరు 18న ముగిసినది. ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేది. మొత్తం 313 భాగాలు. 'లిటిల్ సోల్జర్స్' చిత్రానికి దర్శకత్వం వహించిన గుణ్ణం గంగరాజు గారు దీనికి రూపకల్పన చేసినారు. శీర్షికా గీతాన్ని సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు రచింపగా, కల్యాణీ మాలిక్ గారు స్వరపరచినారు. మా వయస్సువారికి ఈ తేదీలలో ఒక విశేషం ఉన్నది. ధారావాహిక మొదలైననాడు మాకు పన్నెండేండ్లు, ముగిసిననాటికి పద్దెనిమిది. ఏడవ తరగతి నుండి డిగ్రీ మొదటి సంవత్సరం వరకు, అనగా మా కౌమారమంతా, ఆ ఆదివారాల నీడలోనే గడచినది.

కథ చాల చిన్నది. అమృతరావు, ఆంజనేయులు చిన్ననాటి స్నేహితులు, ఇరుగుపొరుగువారు. ఇద్దరూ కలసి 'అమృత విలాస్' అనే హోటలు నడుపుతారు. అమృతానికి ఆలోచన తక్కువ, ఉత్సాహం ఎక్కువ. అంజికి లోకజ్ఞానం ఉన్నది గాని స్నేహితుణ్ణి కాదనలేడు. కనుక అమృతం త్రవ్విన గోతిలో పడి దెబ్బలు తినేవాడు ఎక్కువగా అంజియే. ఇంటిలో సంజీవని, శాంత అనే భార్యలు; హోటలులో సర్వం అనే సర్వరు; ఇంటి యజమాని అప్పాజీ. ఇంతే వారి ప్రపంచం. ఇందులో గొప్ప ధనవంతులు లేరు, దుష్టులు లేరు, పగలు ప్రతీకారాలు లేవు. మధ్యతరగతి కుటుంబాలను వారం వారం వేధించే చిన్న చిక్కులే కథలకు వస్తువు.

అమృతం పాత్రను మొదట శివాజీ రాజా, పిదప నరేశ్, ఆ పిదప హర్షవర్ధన్ ధరించినారు. నాయకుని ముఖం మారిననూ ప్రేక్షకులు దూరం కాలేదు. పాత్ర స్వభావం రచనలోనే గట్టిగా నిలిచి ఉండుటయే దీనికి కారణమని మా నమ్మకం. అంజి పాత్రధారి గుండు హనుమంతరావు గారు మాత్రం ఆరు సంవత్సరాలూ మారలేదు. 2018 ఫిబ్రవరి 19న ఆయన కన్నుమూసినప్పుడు, ఎన్నడూ కలిసి ఎరుగని ఆ మనిషికై మా ఇంటిలోనివారు బంధువు పోయినట్లు బాధపడినారు.

మాది ఉర్దూ మాట్లాడే ఇల్లు. బడిలో తెలుగు ఉండేది, బజారులో ఉండేది. గడప దాటి లోపలికి వచ్చేది కాదు. బడి తెలుగు అనగా మాకు ఛందస్సు, సంధులు, మార్కులు. బజారు తెలుగు అనగా బేరం, నాలుగు అవసరపు మాటలు. ఈ రెండింటి నడుమ ఉండే తెలుగు, అనగా మనుషులు పొరుగువారితో పరాచికాలాడుకొనే తెలుగు, మాకు తెలియదు. దానిని మా ఇంటి ముందు గదిలోనికి తెచ్చినది ఈ ధారావాహికయే. అది మొదలైన నవంబరు నెల నడుమనే రంజాన్ ఉపవాసాలు కూడ ఆరంభమైనవి. రాత్రి ఎనిమిదిన్నరకు మగవారు తరావీహ్ నమాజుకు మసీదులో ఉండేవారు. కనుక తొలి వారాలలో మా ఇంట ప్రేక్షకులు ఆడవారు, పిల్లలే. మా దాదీమాకు తెలుగు అంతంతమాత్రం. ఆమె ముఖాలు చూచి నవ్వేవారు. మాటను మేము ఉర్దూలో చెప్పేవారము. చెప్పడంలో సగం హాస్యం జారిపోయేది. ఆ జారిపోయిన సగమే తెలుగుదనమని మాకు కొంతకాలానికి బోధపడినది.

ఒక్క పేర్లనే తీసుకొందాము. సర్వం అనగా సమస్తం. హోటలులో వడ్డించేవాడు సర్వరు. ఈ రెండు మాటలూ తెలిసినవాడికే ఆ పేరు విన్నంతనే నవ్వు వస్తుంది. అప్పులతో, పొరపాట్లతో కొట్టుమిట్టాడే మనిషికి అమృతం అని పేరు. అతని భార్య సంజీవని. సంజీవనికై కొండను మోసికొనివచ్చిన ఆంజనేయుని పేరు స్నేహితునిది; బరువు మోయడం ఇక్కడనూ అతని వంతే. అమృతాన్ని ఉర్దూలో ఆబె హయాత్ అంటాము. ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో ప్రకటించిన ఉర్దూ కవుల చరిత్రకు అదే పేరు. ఉర్దూ విద్యార్థి ఆ గ్రంథం పేరు చదివినప్పుడు తెలుగు అమృతం, తెలుగు విద్యార్థి ఈ హోటలు పేరు విన్నప్పుడు ఉర్దూ ఆబె హయాత్ జ్ఞాపకం చేసుకొనగలిగిననాడు ఈ రెండు విభాగాల నడుమ గోడ కొంత పలుచనవుతుంది.

మరొక సంగతి. ఏ తెలుగు హోటలు లెక్కల పుస్తకమైననూ తెరచి చూడండి. బాకీ, వసూలు, జమ, ఖర్చు, రసీదు, కిరాయి. ఇవి ఏనాడో పారసీక, అరబ్బీ భాషల నుండి వచ్చి, తెలుగులో స్థిరపడిన మాటలు. వాటిని వాడేవారెవరూ ఇవి పరాయి మాటలని తలచరు. మన మాటలు తెలుగువారి నాలుకపై ఇంత నిశ్చింతగా కూర్చుండి ఉండగా, మనము మాత్రం తెలుగులో నోరు విప్పడానికి ఎందుకు వెనుకాడవలె?

వెనుకాడడానికి ఒక కారణం ఉన్నది. దానిని దాచవలసిన పని లేదు. ఉర్దూ యాసతో మాట్లాడే తెలుగు ఎన్నో చలనచిత్రాలలో, ఎన్నో వేదికలపై నవ్వులాటకు సరుకయినది. ఆ నవ్వు మనకు బాగుగా తెలుసును. తరగతిలో తెలుగు వాచకం బిగ్గరగా చదివినప్పుడు ఒక ఒత్తు జారితే వెనుక బల్లల నుండి వినిపించేది అదే. ఒకసారి ఆ నవ్వుకు గురియైన బాలుడు మరునాటి నుండి తెలుగులో ప్రశ్న అడగడం మానివేస్తాడు. డిగ్రీ చేతికి వచ్చినా, ఉద్యోగపు ఇంటర్వ్యూలో, ఆసుపత్రిలో, మండల కార్యాలయంలో అతడు మౌనంగా నిలబడతాడు. లేదా మరొకరిని వెంటబెట్టుకొని పోతాడు. తన తల్లి బాధను వైద్యునికి తన నోటితో చెప్పలేని పట్టభద్రుని చూచినప్పుడు, ఒక యాసను వెక్కిరించిన నవ్వు ఎంత దూరం వచ్చి తగులుతుందో తెలుస్తుంది.

'అమృతం' నవ్వు ఇందుకు భిన్నమైనది. అందులో నవ్వుకు గురి ప్రధానంగా నాయకుడే, అతని దురాశ, అతని అతి తెలివి. ప్రేక్షకుడు అమృతంలో తన్ను తాను చూచుకొని నవ్వుతాడు. ఇది తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. చిలకమర్తి వారి 'గణపతి', మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం', ముళ్లపూడి వెంకటరమణ గారి 'బుడుగు' చదివినవారికి ఈ బాట తెలిసినదే. పార్వతీశం తన అమాయకత్వాన్ని తానే వర్ణించుకొని మనలను నవ్విస్తాడు. ఉర్దూకు కూడ ఈ సంపద తక్కువ కాదు. హైదరాబాదులో 'జిందా దిలానె హైదరాబాద్' హాస్యప్రియుల సంఘం ఉన్నది; 'షగూఫా' హాస్యపత్రిక వెలువడినది; 2007లో పద్మశ్రీ అందుకొని 2020లో మరణించిన ముజ్తబా హుస్సేన్ వంటి హాస్యరచయిత మన మధ్య నడచినారు. తన్ను చూచి తాను నవ్వుకొనే విద్య రెండు భాషలవారికీ ఉన్నది. ఒకరి నవ్వు మరొకరికి తెలియకపోవడమే లోటు.

ఈ ధారావాహికలో లోపాలు లేవని మేము అనము. హోటలు నడిపే పని పురుషులది, ఇంటిలో ఉండి మందలించే పని స్త్రీలది అన్న విభజన అందులో చాలవరకు కనిపిస్తుంది. తరగతిలో ముందు బల్లలపై కూర్చుండి, ఉద్యోగాలకు సిద్ధమవుతున్న మన విద్యార్థినులకు అది చాలదు. టెలివిజన్ చదువును పాడుచేస్తుందన్న పెద్దల మాటలో కూడ నిజం లేకపోలేదు. కాని ఆనాడు వారానికి అరగంట అనగా అరగంటయే. కరెంటు పోతే ఆ భాగం పోయినట్లే. మరునాడు బడిలో స్నేహితులు చెప్పగా వినవలసినదే. ఇట్లు చెప్పించుకొనడం కూడ మాకు ఒక తెలుగు పాఠమే అయినది. ఆ స్నేహితులలో మా మతంవారు, ఇతర మతాలవారు కూడ ఉండేవారు.

ఈనాటి విద్యార్థులకు హాస్యం కరవు కాలేదు. చేతిలోని ఫోనులో నిమిషానికొకటి చొప్పున తెల్లవారేవరకు దొరుకుతుంది. 'అమృతం' భాగాలు కూడ యూట్యూబులో ఉన్నవి. 2014లో 'చందమామలో అమృతం' చలనచిత్రంగా వచ్చినది. 2020 మార్చి 25, ఉగాదినాడు, లాక్‌డౌన్ మొదలైననాడే, 'అమృతం ద్వితీయం' జీ5లో ఆరంభమైనది. అందులో అంజిగా ఎల్. బి. శ్రీరాం గారు నటించినారు. కనుక వస్తువు పోలేదు. దానిని కలసి చూచే గది పోయినది. ఇంటిలో నలుగురుంటే నలుగురూ నాలుగు ఫోనులలో నాలుగు భాషల నవ్వులు నవ్వుతున్నారు. దాదీమాకు అర్థం చెప్పవలసిన అవసరం మనుమనికి రావడం లేదు. అర్థం చెప్పవలసిన అవసరం రానప్పుడు రెండవ భాష నోటికి పట్టదు.

ఈ సందర్భంలో కళాశాల కమిటీ వారికి మేము రెండు మనవులు చేయదలచినాము. మొదటిది: తెలుగు, ఉర్దూ విభాగాలు కలసి వారానికి ఒక అరగంటను హాస్యానికి కేటాయించవలె. ఒక వారం తెలుగు హాస్యరచన గాని, ధారావాహికలో ఒక భాగం గాని. మరొక వారం ఉర్దూది. దానికి మార్కులు, హాజరు ఉండరాదు. చూచిన పిదప, తెలుగుది ఉర్దూ విద్యార్థి తెలుగులోను, ఉర్దూది తెలుగు విద్యార్థి ఉర్దూలోను తిరిగి చెప్పవలె. తప్పులు దొర్లితే దొర్లనిండు. ఒక గది, ఒక ప్రొజెక్టరు తప్ప దీనికి ఖర్చు లేదు.

రెండవది: వార్షికోత్సవంలో సినిమా పాటలకు వెచ్చించే కాలంలో ఒక అరగంటను, విద్యార్థులే వ్రాసి ఆడే రెండు భాషల హాస్య నాటికకు ఇవ్వవలె. వస్తువు మన కళాశాలలోనే ఉన్నది. హాస్టలు సాంబారు, బస్సు పాసు, సంతకం కొరకు బల్ల బల్లకూ తిరిగే స్కాలర్‌షిప్ దరఖాస్తు, పాఠం చెప్పుతూ గడియారం చూచుకొనే అధ్యాపకుడు. మేము కూడ అందులో పాత్రలమైతే సంతోషమే. నియమం ఒక్కటి చాలును: ఎవరి యాసనూ, రూపాన్నీ, మతాన్నీ, పుట్టుకనూ నవ్వులాట చేయరాదు. ఈ నియమంతో వ్రాయడం ఎంత కష్టమో వ్రాయబూనినవారికే తెలుస్తుంది. ఆ కష్టాన్ని 313 ఆదివారాలు మోసినవారి పట్ల అప్పుడు గౌరవం కలుగుతుంది.

విద్యార్థి మిత్రులారా, తెలుగు మీకు పరీక్ష రూపంలో మాత్రమే పరిచయమై ఉంటే అది భాష దోషం కాదు, మీ దోషమూ కాదు. ఈ సెలవులలో ఒక ఆదివారం రాత్రి ఫోనును గోడకు ఆనించి, మీ అమ్మీని, దాదీమాను పక్కన కూర్చుండబెట్టుకొని 'అమృతం' ఒక భాగం పెట్టండి. నవ్వు వచ్చిన చోట ఆపి, ఆ మాట అర్థం వారికి ఉర్దూలో చెప్పడానికి ప్రయత్నించండి. చెప్పలేకపోయిన మాటలను కాగితంపై వ్రాసికొని రండి. కళాశాల తెరచిన మొదటి వారంలో ఆ కాగితాలతోనే మన తెలుగు తరగతి మొదలుపెడదాము.