‘ఓమ్’ తప్పితే ఈసీయూ హోమం!

కారు ఇంజిన్‌కి కాస్త కండ పట్టించాలనుకునే కుర్రకారు కన్ను తొందరగా పడేది ఇంజెక్టర్ల మీద. టర్బో బిగిస్తే ఇంజిన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. దానికి తగ్గట్టు పెట్రోలూ పెరగాలి కదా! అందుకే దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘ఇది నిమిషానికి ఎన్ని సీసీ పోస్తుంది?’ అని. మంచి ప్రశ్నే. కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ‘ఇది ఎన్ని ఓమ్‌లు?’

ఇంజెక్టరంటే కరెంటుతో తెరుచుకునే బుల్లి కుళాయి. లోపల రాగితీగ చుట్ట ఉంటుంది. కరెంటు పారగానే అది అయస్కాంతంలా మారి సూదిని పైకి లాగుతుంది. పెట్రోలు తుంపరగా చిమ్ముతుంది. కరెంటు ఆగితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. ఇంజిన్ 6000 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే ఒక్కో ఇంజెక్టరు సెకనుకి 50 సార్లు ఈ పని చేయాలి. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో చెప్పేది కారు మెదడైన ఈసీయూ.

చిక్కంతా ఆ రాగి చుట్ట దగ్గరే. హై ఇంపిడెన్స్ రకానికి సాధారణంగా 12 నుంచి 16 ఓమ్‌లు. లో ఇంపిడెన్స్ రకానికి రెండు, మూడు ఓమ్‌లే. పైకి చూస్తే మాత్రం రెండూ కవలపిల్లల్లా ఉండొచ్చు!

చిన్నప్పటి ఓమ్ సూత్రం గుర్తుందా? బండి నడుస్తున్నప్పుడు వైర్లలో సుమారు 14 వోల్టులుంటాయి. 12 ఓమ్‌ల ఇంజెక్టరైతే గుంజేది 1.2 ఆంపియర్ల లోపే. అదే 2.4 ఓమ్‌లదైతే 5.8 ఆంపియర్ల దాకా! ఒక్క బస్తా మోసేవాడి నెత్తిన అయిదు బస్తాలు పెట్టడమన్నమాట. చోద్యమేంటంటే, బండి వెంటనే ఆగిపోకపోవచ్చు. చక్కగా స్టార్టవుతుంది, ఒకటి రెండు రౌండ్లూ వేస్తుంది. ఈలోగా ఈసీయూలో ఇంజెక్టరును నడిపే ట్రాన్సిస్టర్ వేడెక్కి మాడిపోతుంది. అది తెగిపోతే ఆ సిలిండరు పడుకుంటుంది. అలాకాక లోపల అతుక్కుపోయిందా, ఇంజెక్టరు మూసుకోదు. పెట్రోలు ధారగా సిలిండర్లోకి పారి, గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. అప్పుడిక ఖర్చు ఈసీయూతో ఆగదు.

మరి లో ఇంపిడెన్స్ రకం ఎందుకు పుట్టినట్టు? చుట్లు తక్కువైతే కరెంటు చప్పున పెరుగుతుంది, సూది చటుక్కున లేస్తుంది. పాతరోజుల్లో పెద్ద ఇంజెక్టర్లకు ఆ బలం అవసరమైంది. వీటి కోసం తెరవడానికి 4 ఆంపియర్లిచ్చి, తెరిచాక 1 ఆంపియరుకి తగ్గించే ‘పీక్ అండ్ హోల్డ్’ డ్రైవర్లున్నాయి. ఇంకో చవక మార్గం రెసిస్టర్ బాక్స్. అమెరికాలో అమ్మిన 1989-91 హోండా సివిక్ ఎస్‌ఐలో లో ఇంపిడెన్స్ ఇంజెక్టర్లకు తోడుగా ఈ బాక్స్ ఉండేది. 1992 మోడల్‌కి హై ఇంపిడెన్స్ ఇంజెక్టర్లొచ్చాయి, బాక్స్ పోయింది. పాత ఇంజెక్టర్లను కొత్త బండికి వేసి బాక్స్ మరిచిపోతే సంగతేంటో చెప్పక్కర్లేదు.

బాక్స్ లెక్క సులువే. 2.4 ఓమ్‌ల ఇంజెక్టరుకు వరసలో 8 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే కరెంటు 1.35 ఆంపియర్లకు దిగుతుంది. కొత్త మొత్తం మీ ఈసీయూ తట్టుకునేంతలో ఉందో లేదో చూసుకోవాలి. ప్రతి ఇంజెక్టరుకూ విడి రెసిస్టర్ ఉండాలి, వేడిని తట్టుకునేదై ఉండాలి. ఇందులో నష్టమూ ఉంది. సూది కాస్త బద్ధకంగా లేస్తుంది. అందుకే ఈసీయూ ట్యూనింగ్‌లో ఇంజెక్టరు సైజుతోపాటు, తెరుచుకోవడానికి పట్టే సమయాన్నీ సరిచేయాలి. లేదంటే స్లో స్పీడ్‌లో ఇంజిన్ గునుస్తుంది. తిరగేసి చూస్తే, బాక్స్ ఉన్న బండికి హై ఇంపిడెన్స్ ఇంజెక్టర్లు వేస్తే ఆ బాక్స్‌ను తప్పించాలి. ఇప్పుడు నిమిషానికి 1000 సీసీ పోసే ఇంజెక్టర్లు కూడా హై ఇంపిడెన్స్‌లో దొరుకుతున్నాయి. కొత్తగా కొనేవాళ్లకు అదే తలనొప్పిలేని దారి.

పరీక్షకు మామూలు మల్టీమీటర్ చాలు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆపి, ఇంజెక్టరు కనెక్టర్ ఊడదీసి, రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు చూడండి. బండిలో ఉన్నవీ, కొనబోయేవీ రెండూ కొలవండి. నాలుగింటిలో ఒకదాని అంకె తేడాగా ఉన్నా వద్దనేయండి. అన్నట్టు, డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు బళ్లకు, కామన్ రైల్ డీజిల్ బళ్లకు ఈ లెక్క పనికిరాదు. వాటి ఇంజెక్టర్ల వోల్టేజీ చాలా ఎక్కువ, చేయి పెట్టొద్దు.

చివరిగా ఓ మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా రోడ్డు మీది బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే స్పష్టం చేసింది. కాబట్టి ఈ ముచ్చటేదో రేస్ ట్రాక్ బండితో తీర్చుకోండి. అక్కడైనా సరే... ముందు మీటరు, తర్వాతే స్పానరు!