కుర్సీ దగ్గరికి ఇంగ్లిష్ మీదుగా ఎందుకు?

చైనీస్‌లో కుర్సీకి వై, ఐ, జడ్, ఐ అని నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు రాసిస్తారు. మనవాళ్లు 'యిజి' అని చదువుతారు. అసలు మాట 'యీౘ'కి దగ్గర. ఆ చివరి ౘ మన చాపలో, చుట్టంలో ఉన్న చ. నల్లగొండలో ఏ అవ్వనడిగినా పలుకుతుంది. ఇంట్లో ఉన్న ధ్వనిని పారేసి, ఇంగ్లిష్ కొట్లో సెకండ్ హ్యాండ్ సరుకు ఎందుకు కొనాలన్నదే నా గొడవ.

ఆ రోమన్ రాతని పిన్‌యిన్ అంటారు. 1958లో చైనా తన పిల్లల కోసం ఆమోదించుకున్నది. అది ఇంగ్లిష్ కానే కాదు. అందులో డి అని ఉంటే త, జి అని ఉంటే క, బి అని ఉంటే ప. టి, కె, పి ఉంటే ఊపిరి వదిలి థ, ఖ, ఫ. ఈ తేడాని రెండేసి అక్షరాలతో రాయగల లిపి మనది. అయినా బీజింగ్ అనే రాస్తాం, అక్కడివాళ్లు పెయ్‌చింగ్ అంటుంటే.

స్టూలుని తఙ్‌ౘ అంటారు. మంచం ట్ఛ్వాఙ్. వాఙ్మయంలో తప్ప ఎందుకూ కొరగాదని మనం నవ్వుకునే ఙ అక్కడ రోజూ పనిచేస్తుంది. సందుగ శ్యాఙ్‌ౘ, సోఫా షాఫా. శ, ష, స మూడూ ఒకేలా పలికితే అక్కడ నడవదు. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో ౘ, ౙ విడిగా ఉన్నాయి, యూనికోడ్‌లోనూ ఉన్నాయి. నేను చదివిన వాచకాల్లోనే లేవు.

రాయడంలో తెలుగు సాయం చేయదు. వడ్లాయన చేస్తాడు. మంచానికి ఏడు గీతలు: పైన చూరులాంటి కప్పు, కింద చెట్టు. కుర్సీకి, బీరువాకి ఎడమన చెట్టు, బల్లకి అడుగున చెట్టు. సందుగకైతే నెత్తిన వెదురు, దాని కింద చెట్టు, పక్కన కన్ను. తుమ్మ కర్రతో మంచం కోళ్లు చెక్కడం చూసిన పిల్లలకి ఇది ఒక్క పూట పని. సోఫాలో మాత్రం చెట్టు లేదు. అది పరాయి మాట, ధ్వని కోసం 'ఇసుక' అనే అక్షరాన్ని అరువు తెచ్చుకున్నారు.

గొంతు ఎత్తుపల్లాలని తెలుగు లిపి చూపించదు, ఒప్పుకుంటా. బీరువాని క్వెయ్‌ౘ అంటారు, గొంతుని పైనుంచి కిందికి దించాలి. కింది స్థాయిలోనే వంచి పలికారా, దయ్యం అయి కూర్చుంటుంది! కానీ పిన్‌యిన్ మాత్రం ఏం చేసింది? అక్షరం నెత్తిన గీత పెట్టింది. మనమూ పెట్టుకోవచ్చు. మాటల్లో ఒత్తులు మింగేసే అలవాటు మనలో చాలామందికి ఉన్నది, అది వదిలించుకోవాలి. ఫోన్‌లో టైప్ చేయాలంటే పిన్‌యిన్ రావాలి కదా అంటారు. రావాలి. రెండో నెలలో నేర్చుకుందాం.

ఇది ఊరికే అక్షరాల సరదా కాదు. కోవిడ్‌కి ముందు చైనాలో 20 వేలకు పైగా భారతీయ విద్యార్థులు ఉండేవాళ్లు, ఎక్కువమంది మెడిసిన్‌కే. మన తెలుగు పిల్లలూ వాళ్లలో ఉన్నారు. పాఠం ఇంగ్లిష్‌లో జరిగినా రోగి మాట్లాడేది చైనీసే. 'మంచం మీద పడుకోండి' అనడం రాకపోతే డాక్టర్ చేయి ఆగిపోతుంది. ఇక్కడ పాలమూరులో తెలుగు మీడియం పిల్లలకి మనం చెప్పేదేమో, ముందు ఇంగ్లిష్ రావాలి, చైనీస్ సంగతి తర్వాత అని. వాళ్ల నోట్లో సగం ధ్వనులు ఇప్పటికే ఉన్నాయని ఎవరూ చెప్పరు.

ఏడో శతాబ్దంలో ఒక చైనా భిక్షువు ధాన్యకటకం వచ్చి, ఆ పేరుని తన చెవితో విని తన అక్షరాల్లోనే రాసుకున్నాడు. ఆయన్ని బడిలో మేము హుయాన్‌త్సాంగ్ అని బట్టీపట్టాం. ఇంగ్లిష్‌వాళ్లు రాసుకున్న స్పెల్లింగ్‌ని మనం కూడబలుక్కున్న పేరది. శ, ౘ, ఙ మూడూ మన దగ్గర ఉండగా ఆయన్ని శ్వెన్‌ౘాఙ్ అని రాయడానికి ఎవరి అనుమతి కావాలి?